అరుగుదల ఉందా?

పవర్ హౌస్ మార్కెట్లో మాంసం కొట్టు ముందు నిలబడి, మాంసం వద్దు, మోకాలి కీలు మాత్రమే కావాలి, అదీ విప్పకుండా కావాలి అని అడిగిన మనిషిని నేను ఒక్కరినే చూశాను. మా పక్క క్వార్టర్ అమ్మాయి. పాయా పులుసుకా దీదీ అని కొట్టతను అడిగాడు. కాదు భయ్యా, చదువుకి అంది. అతను కత్తి పక్కన పెట్టి ఆమె ముఖం ఒకసారి, నా ముఖం ఒకసారి చూశాడు. ఆ రోజు కూరగాయల సంచి పట్టుకుని అటు వెళ్తున్న నన్ను ఆమే పిలిచి పక్కన నిలబెట్టుకుంది, పెద్దవాడు తోడుంటే పిచ్చిదనుకోరని.

తరవాత కొన్ని వారాలకి ఆ కొట్టతనే నిపుణుడయ్యాడు. కీలు మీద కత్తి పడకూడదని, కీలు చుట్టూ ఉన్న సంచి చిరిగితే లోపలికి మురికి చేరి అంతా పాడైపోతుందని, పైనా కిందా జానెడు ఎముక వదలాలని అతను తన పనివాళ్ళకి చెప్పడం నేను విన్నాను. ఉదయం ఏడు గంటలకల్లా ఆమె స్కూటర్ కాళ్ళ దగ్గర ఐసు డబ్బా పెట్టుకుని వచ్చేది. నాలుగు కీళ్ళు అందులో సర్దుకుని, కుమ్హారి ఊరు దాటాక ఉన్న తన కాలేజీకి లారీల మధ్య నుంచి వెళ్ళిపోయేది. ఆ కీళ్ళు ఆ పూటే తెరవాలట, ఆలస్యమైతే వాటిలోని కణాలు చచ్చిపోతాయట. చచ్చిన మేకలో బతికి ఉన్న కణాలేమిటని అడిగాను. అదే బాబాయ్ అందులో మజా అంది.

ఆమె తండ్రి ఇక్కడ, ఛత్తీస్‌గఢ్‌లోని స్టీలు ప్లాంటులో క్రేను నడుపుతాడు. తాతది శ్రీకాకుళం వైపు పల్లె. ఆమెకి తెలుగు మాట్లాడటం వచ్చు, చదవటం రాదు. ఫార్మసీ చదివి, మోకాళ్ళ అరుగుదల మీద పరిశోధనకు చేరింది. ఎముకల చివర నున్నగా, తెల్లగా ఉండేదాన్ని నేను పనిచేసిన పత్రికల్లో మృదులాస్థి అని రాసేవాళ్ళం. ఇళ్ళల్లో గుజ్జు అంటారు. ఆ గుజ్జు ఎందుకు పోతుంది, తినే తిండిలో దాన్ని కొంతైనా కాపాడేది ఏమైనా ఉందా అన్నది ఆమె ప్రశ్న. ఎంచుకున్నది మునగాకు. ఛత్తీస్‌గఢ్ వాళ్ళు మునగా భాజీ అని వండుకుంటారు, మనవాళ్ళు ఆషాఢంలో తెలగపిండి వేసి వండుకుంటారు. రెండు పొయ్యిల మీదా ఉన్న ఆకు గనక పనికొస్తే రెండు జనాలకీ పనికొస్తుందని ఆమె లెక్క.

ఇక్కడ మా బావ గురించి చెప్పాలి. మా అక్క భర్త. రోలింగ్ మిల్లులో ఫిట్టరుగా చేసి రిటైరయ్యాడు. మా క్వార్టర్ల లైన్లోనే ఉంటాడు. జీవితమంతా బేరింగులు మార్చిన మనిషి కాబట్టి తన రెండు మోకాళ్ళనీ అదే భాషలో చెప్పేవాడు. కుడిది జామ్ అయింది, ఎడమది శబ్దం చేస్తోంది అని. అమ్మాయి అతన్ని మావయ్య అంటుంది, అతను ఆమెని కోడలా అంటాడు. ఒక సాయంత్రం వరండాలో కూర్చుని ఆమె చదువుని తేల్చేశాడు.

"బేరింగ్ అరిగిపోతే గ్రీజు కొడతాం, అప్పటికీ వినకపోతే మార్చీస్తాం. దీనికి ఇన్నేళ్ళు చదవాలేటి కోడలా?"

"మావయ్యా, మీ బేరింగ్ తనని తను తింటుందా?"

"బేరింగెలా తింటాదే?"

"ఇది తింటుంది."

అప్పుడు ఆమె చెప్పింది నాకు ఇప్పటికీ గుర్తుంది, ఎందుకంటే ఆరోగ్యం పేజీ నాలుగేళ్ళు దిద్దిన నేను కూడా అంతవరకు బేరింగ్ లెక్కలోనే ఉన్నాను. గుజ్జు ఊరికే రాపిడికి పోయే వస్తువు కాదు. అందులో కణాలుంటాయి, అవి ఎప్పుడూ దాన్ని కొంచెం కట్టుకుంటూ, కొంచెం కూల్చుకుంటూ ఉంటాయి. వయసో, బరువో, పాత దెబ్బో కారణంగా లోపల వాపు మొదలైతే కూల్చే పని పెరిగిపోతుంది. ఆ కణాలే కత్తెరల్లాంటి పదార్థాలను వదిలి, నీళ్ళు పట్టి ఉంచే పోగుల్ని కోసేస్తాయి. తను మేక గుజ్జు మీద చేసేది అదే. చిన్న బిళ్ళలుగా కోసి గాజు గిన్నెల్లో బతికిస్తుంది. వాపు పుట్టించే మందు వేస్తుంది. సగం గిన్నెల్లో మునగాకు రసం నుంచి తీసిన పదార్థం కలుపుతుంది. మూడు వారాల తరవాత పల్చటి పొరలుగా తీసి ఎర్ర రంగు అద్దుతుంది. పోగులు మిగిలినచోట ఎరుపు నిలుస్తుంది, పోయినచోట తెల్లబడుతుంది.

బావ అంతా విని, అయితే మనకి గ్రీజు కాదు, కత్తెరలకి తుప్పు కావాలన్నమాట అన్నాడు. ఆమె ఆ మాటని తన నోట్‌బుక్కులో రాసుకుంది.

గిన్నెల్లో ఆకు పనిచేస్తున్నట్టే కనబడింది. కాని గాజు గిన్నె మోకాలు కాదు కదా. ఏళ్ళ తరబడి మునగాకు తిన్నవాళ్ళ మోకాళ్ళు ఎలా ఉన్నాయో కూడా చూడాలని ఆమె గైడు చెప్పారు. అది థీసిస్‌లో ఒక అధ్యాయం, అది లేకపోతే పుస్తకం నిలబడదు. టౌన్‌షిప్‌లో వయసు మళ్ళిన తెలుగువాళ్ళని అడుగుదామనుకుంది. ప్రశ్నలు హిందీలో, ఇంగ్లీషులో రాసుకుని నా దగ్గరికి వచ్చింది. తెలుగులో చెప్పండి బాబాయ్, నేను హిందీ అక్షరాల్లో రాసుకుని చదివి వినిపిస్తాను అంది.

ముప్పై ఏళ్ళకు పైగా దినపత్రికల్లో పనిచేశాను. సగం కాలం రాయపూర్‌లో హిందీ డెస్కు మీద, సగం కాలం తెలుగు పత్రికకి ఇక్కడి వార్తలు పంపుతూ. ఏ కాగితం చేతికొచ్చినా తగ్గించడమే నా పని. ఆమె ప్రశ్నలు కాగితానికి రెండు వైపులా వచ్చాయి. ముసలివాళ్ళు రెండో వైపుకి వచ్చేసరికి విసుగుపడతారని నేను ఒక వైపుకే కుదించాను. ఆకుకూరల ప్రశ్నలు పైన, వాటి వెంటనే మోకాళ్ళ ప్రశ్న. మోకీళ్ళు అని పక్కన చిన్న శీర్షిక పెట్టాను కాబట్టి ప్రశ్నలో మళ్ళీ ఆ మాట ఎందుకని కొట్టేశాను. మీ మోకీలు గుజ్జులో అరుగుదల ఉందని డాక్టరు ఎక్స్‌రే చూసి చెప్పారా అన్న ప్రశ్న నా చేతిలో రెండు మాటలైంది. అరుగుదల ఉందా?

చక్కగా కుదిరిందని నాకు నేనే మెచ్చుకున్నాను.

చలికాలమంతా ఆదివారాలు, సాయంత్రాలు ఆమె ఇళ్ళు తిరిగింది. నూరు గడపలు దాటాయి. ఎవరింటికి వెళ్ళినా కింద కూర్చునేది, ఇచ్చిన టీ తాగేది, ప్రశ్నలు బయటికి చదివేది. జవాబులు కట్టలు కట్టింది. హోలీ ముందు ఒక రోజు లాప్‌టాప్ పట్టుకుని మా ఇంటికి దాదాపు పరుగున వచ్చింది. మునగాకు తరచుగా తినేవాళ్ళలో చాలామంది అరుగుదల లేదన్నారు. తిననివాళ్ళలో చాలామంది ఉందన్నారు, కొందరు బాగానే ఉందన్నారు. గిన్నెల్లో కనబడిందే మనుషుల్లోనూ కనబడుతోంది. ఆమె కళ్ళు మెరవడం చూస్తే నాకూ సంతోషమేసింది. ఆదివారం పేజీకి రాస్తానన్నాను. గైడు ఇంకోసారి చూసేదాకా ఒక్క ముక్క రాయనని నా దగ్గర మాట తీసుకుంది.

రాయలేదు. కాని బావతో నోటిమాటగా చెప్పాను. అప్పటికి అతని కుడి మోకాలి ఆపరేషన్‌కి తేదీ ఇచ్చారు. మర్నాడే ఆసుపత్రికి ఫోన్ చేసి వద్దన్నాడు. మా అక్క పెరట్లో మునగచెట్టుకి కొమ్మ మిగలలేదు. విజయనగరం నుంచి వచ్చేవాళ్ళచేత తెలగపిండి తెప్పించుకుని వారానికి అయిదు రోజులు అదే కూర. నొప్పి తగ్గిందా అంటే, తగ్గుతాది, దానికీ టైమ్ ఇవ్వాల గదా అనేవాడు.

తప్పు బయటపడింది ఒక ముసలావిడ ఇంట్లో. భర్త ప్లాంటు కోక్ ఓవెన్స్‌లో, బొగ్గు కొలుముల దగ్గర, పనిచేసి పోయాడు. ఆవిడ మునగాకు ఎలా వండుతుందో చూడాలని అమ్మాయి రెండోసారి వెళ్ళింది, ఎక్కువసేపు ఉడికితే ఆకులో పదార్థం మిగులుతుందో లేదో చూడటానికి. ఆవిడ మంచం పట్టె పట్టుకుని, తరవాత తలుపు పట్టుకుని, రెండుసార్లు ఆగి లేచింది. అమ్మాయి సంచిలోంచి ఆవిడ కాగితం తీసి చూసింది. లేదు అని ఉంది.

ఇంకొకరైతే ముసలావిడ పరాకుగా చెప్పి ఉంటుందనుకుని ఊరుకునేవాళ్ళు. నూరుకు పైగా కాగితాల్లో ఒకటి. ఆమె ఆ ఒక్క కాగితం పట్టుకుని నా దగ్గరికి వచ్చింది. ఇద్దరం మళ్ళీ వెళ్ళాం. అమ్మాయి ఇంకేమీ కలపకుండా కాగితంలో ఉన్నది ఉన్నట్టు చదివింది.

"అరుగుదల ఉందా అమ్మమ్మా?"

"అరుగుదలేటి తల్లీ, రెండు ముద్దలు తింటే తెల్లారిందాక పొట్ట బరువే. అరుగుదల నేకనే గదా మునగాకు తింతన్నాను."

నాకు వెంటనే తెలిసిపోయింది. అమ్మాయికి ఇంకా అర్థం కాలేదు. ఆమె హిందీ బుర్రలో అరుగుదల అంటే ఘిస్‌నా, రాపిడికి అరిగిపోవడం, ఒక్కటే అర్థం. తిన్నది అరగడానికి హిందీలో వేరే మాట ఉంది. మనకి రెండిటికీ ఒకే మాట. ఆకుకూరలు ఎన్నిసార్లు తింటారని అడిగి, వెంటనే అరుగుదల ఉందా అంటే ఎవరైనా కడుపు గురించే చెబుతారు. పక్కన నేను పెట్టిన శీర్షిక ఆమె బయటికి చదవలేదు, చదవాలని నేను చెప్పలేదు. అరుగుదల బాగానే ఉందన్నవాళ్ళు తమకి తిన్నది బాగా ఒంటబడుతోందన్నారు. అది మోకాళ్ళు బాగా పాడయ్యాయని లెక్కలోకి వెళ్ళింది. కడుపు బాగోలేనివాళ్ళు అరుగుదల లేదన్నారు, వాళ్ళే మునగాకు ఎక్కువ తింటున్నారు. ఆ ఆకు వాళ్ళ మోకాళ్ళని కాపాడిందని లెక్కలోకి వెళ్ళింది.

ఆవిడ గుమ్మం దిగాక రోడ్డు పక్కన నిలబడి అంతా చెప్పాను. ఆమె స్కూటర్ హ్యాండిల్ పట్టుకుని విన్నది. నేనే ఒక దారి చూపబోయాను. కడుపు గురించి చెప్పారని అనుమానమున్నవి తీసేస్తే కొంతైనా మిగులుతుంది కదా అన్నాను. డెస్కు మీద సాయంత్రం పూట చాలా వార్తల్ని అలా నిలబెట్టినవాణ్ణి.

"ఎవరు దేని గురించి చెప్పారో నాకెలా తెలుస్తుంది బాబాయ్?" అంది. "సబ్ పోయినట్టే, కాగితాలన్నీ."

గైడుకి ఆ సాయంత్రమే చెప్పేసింది. గడువు అయిదు నెలలే ఉంది. మళ్ళీ ఇళ్ళు తిరిగితే ఆ నెలలన్నీ అందులోనే పోతాయి, చివరికి ఏమీ తేలకపోవచ్చు. ఇంతకాలం పడ్డ కష్టానికి డిగ్రీ వస్తుందో రాదో తెలియదు. గైడు ఆలోచించుకోమన్నారు. ఆమె ఆలోచించినట్టు నాకు కనబడలేదు. మళ్ళీ అడుగుతాను, ముందు మావయ్య దగ్గరికి పదండి అంది.

బావ ఆ రాత్రి భోజనానికి కూర్చున్నాడు. కంచంలో అదే కూర. ఆమె అతని ఎదురుగా కుర్చీ వేసుకుని, తన లెక్క తప్పని, మునగాకు వల్ల మోకాళ్ళు బాగుపడతాయని తను చూపించలేకపోయానని చెప్పింది. సాకులేమీ చెప్పలేదు. నా పేరు కూడా ఎత్తలేదు. తప్పు నాదని నేనే చెప్పుకోవలసి వచ్చింది. అక్క వంటింటి గుమ్మంలో నిలబడి నా వైపు చూసిన చూపు తరవాత వారం రోజులు నా వెంటే తిరిగింది. ఆపరేషన్ వద్దన్నప్పటి నుంచి రాత్రిళ్ళు బావ కాలు ఒత్తింది ఆవిడే.

బావ చెయ్యి కడుక్కుని వచ్చాడు.

"అంటే ఇన్నాళ్ళు తిన్న ఆకంతా వేస్టయిపోనాదా?"

"ఆకు మంచిదే మావయ్యా. మీ మోకాలికి మంచిదో కాదో నాకు తెలీదు. తెలిసినట్టు మాట బయటికి వచ్చింది. మీరు డాక్టర్ దగ్గర మళ్ళీ తేదీ తీసుకోండి. నా చదువు కోసం ఆగొద్దు."

అతను మోకాలు రాసుకున్నాడు. మిల్లులో ఒకసారి తను తప్పు సైజు బేరింగ్ ఎక్కించానని, ఎవరూ చూడకముందే తెలిసిందని, ఫోర్‌మన్‌కి చెప్పటానికి రెండు గంటలు పట్టిందని చెప్పాడు. నీకెంతసేపు పట్టిందని అడిగాడు. పొద్దున్న తెలిసింది అంది. బావ నా వైపు తిరిగి, "మీ పేపరోళ్ళు కాగితం మిగిల్చి నా కాలు ఖర్చు పెట్టేసినారు బావా" అన్నాడు. కోపం అంతవరకే.

రెండో విడత తిరుగుడుకి నేనూ వెళ్ళాను. ఎండలు ముదిరాయి. ఈసారి ప్రశ్నలు రెండు వైపులా ఉన్నాయి, ప్రతి మోకాలి ప్రశ్నలోనూ మోకాలు అన్న మాట ఉంది. ప్రతి ఇంట్లో ఆమె ముందు ఒకే మాట చెప్పేది, పోయినసారి నేను అడగటం తప్పు అడిగాను, ఇంకో పావుగంట ఇవ్వండి అని. విసుక్కున్నవాళ్ళున్నారు, తలుపు తీయనివాళ్ళూ ఉన్నారు. చాలామంది నవ్వారు. ఒకాయన, ఈసారేటడుగుతావు, నిద్దర పడతందా అనా అన్నాడు. పాత కాగితంలో ఆయనది అరుగుదల బాగానే ఉంది అన్న జవాబు. మూడో అంతస్తు నుంచి గ్యాస్ సిలిండర్ దింపుతూ మాకు ఎదురయ్యాడాయన. అమ్మాయి నేను చూస్తుండగానే ఆ పాత కాగితం తీసి, దాన్ని చించకుండా, అడ్డంగా గీత గీసి తేదీ వేసి దాచుకుంది. అలాంటివన్నీ దాచిపెట్టింది.

ఎక్స్‌రేలు ఉన్నవాళ్ళ దగ్గర ఫొటోలు తీసుకుంది. లేనివాళ్ళ దగ్గర లేవని రాసుకుంది. నేను ముప్పై ఏళ్ళు విలేకరులతో పనిచేశాను. లేదు, తెలీదు అన్న మాటల్ని ఇంత జాగ్రత్తగా రాసుకున్నవాళ్ళని చూడలేదు.

లెక్క తేలింది. మునగాకు తినేవాళ్ళ మోకాళ్ళకీ, తిననివాళ్ళ మోకాళ్ళకీ ఆ కాగితాల్లో చెప్పుకోదగ్గ తేడా కనబడలేదు. ఆ అధ్యాయం తీసేసి మేక గుజ్జుతోనే సర్దుకోవచ్చని ఒకరిద్దరు సలహా ఇచ్చారు. ఆమె ఉంచింది. మొదటి ప్రశ్న ఏమిటో, దాన్ని జనం ఎలా విన్నారో, ఎందుకు రెండోసారి అడగాల్సి వచ్చిందో మొదటి రెండు పేజీల్లో రాసింది. గైడు చదివి ఉండనీయమన్నారు. గడువు మరో ఆరు నెలలు పెంచమని ఆయనే కాలేజీకి రాశారు, ఒక షరతు మీద. మేక గుజ్జు ఒక్కటే చాలదు, మనిషి గుజ్జు మీద కూడా అదే ప్రయోగం చేసి చూపించాలి. మోకాలు మార్చే ఆపరేషన్లలో కోసి పారేసే ముక్కలు దానికి పనికొస్తాయి. ఆమె ఆసుపత్రి కమిటీ అనుమతి తెచ్చుకుంది. ఇక కావలసింది ఇస్తామని సంతకం పెట్టే మనుషులు.

బావ ఆపరేషన్ వర్షాకాలం మొదట్లో జరిగింది. సంతకం పెట్టేటప్పుడు కాగితం రెండుసార్లు చదివించుకున్నాడు, ఇందులో మీ బాబాయి ఏదీ కుదించలేదు గదా అని. ఆ ఉదయం అమ్మాయి ఐసు డబ్బాతో ఆసుపత్రి వెనక మెట్ల మీద మూడు గంటలు కూర్చుంది. మూత పెట్టిన చిన్న సీసా చేతికి రాగానే స్కూటర్ మీద వెళ్ళిపోయింది. నేను చూసినంతలో ఎర్ర దీపం దగ్గర కూడా కుదురుగానే ఆగింది.

నాలుగో రోజు నుంచి బావ మంచం మీద నుంచే ఫోన్లు మొదలుపెట్టాడు. ఏటయినా తెలిసిందా కోడలా అని. ఇంకా తెలీదు మావయ్యా అనేది. రెండు వారాలు ఇదే. మూడో వారం చివర ఆమె స్వయంగా వచ్చింది, ఫోన్లో రంగు పొరల ఫొటోలు చూపించింది. అతని గుజ్జు చాలావరకు తెల్లబడే ఉంది. ఆకు పదార్థం వేసిన ముక్కల్లో అంచున ఎరుపు కొంచెం ఎక్కువ నిలిచింది.

"అయితే పనిచేసినట్టేనా?" అన్నాడు బావ.

"ఒక్క మనిషిది మావయ్యా. ఇది మీ గుజ్జు స్వభావమో, ఆకు గొప్పతనమో ఇంకా చెప్పలేను. కనీసం ఇంకో ఆరుగురివి కావాలి."

"బయటికి తీసీసినా నా మోకాలు డ్యూటీ మీదే ఉందన్నమాట" అని, ఆ ఆరుగురి సంగతి తనకి వదిలేయమన్నాడు.

నెల తిరిగేసరికి వాకర్ పట్టుకుని సెక్టర్ 4 పార్కు దాకా నడిచాడు. పాత మిల్లువాళ్ళు ఉదయం కూర్చునే బెంచీ దగ్గర ఆగి, కుంటుకుంటూ వచ్చే ప్రతి ఒక్కరినీ నిలబెట్టి, కోయించుకునేది ఎప్పుడు, ఏ ఆసుపత్రిలో అని అడగటం మొదలుపెట్టాడు. ముక్క పారీకండి, మా కోడలికి కావాలి అంటున్నాడు. పోయిన వారానికి నలుగురు సంతకాలు పెట్టారు. అయిదో ఆయన భయపడుతున్నాడు, ఆపరేషన్‌కి. ఈ అమ్మాయి ఆయనకి ఏమైనా ధైర్యం చెబుతుందేమోనని బావ ఇంటికి పిలిపించాడు. ఆమె వచ్చి, ఆపరేషన్ చేయించుకోవాలో వద్దో మీ డాక్టరే చెప్పాలి, నాకు ముక్క కావాలి కాబట్టి నా మాట వినకండి అంది. ఆయన వెంటనే, ముక్క ఇస్తానని పెట్టే ఆ సంతకం కాగితం ఇలా ఇవ్వమన్నాడు.